24 మంది ట్రైనీలు, ఒక డీప్ ఫ్రీజర్: సెన్సర్లతో డిజిటల్ అక్షరాస్యత నేర్పవచ్చా?

శీతలయంత్రం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలోని ఒక ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు చెబుతున్నాను. ఈ ఏడాది బ్యాచ్‌లో 24 మంది ఉన్నారు. ఫోన్ లేనివారు ఒక్కరూ లేరు. వీడియో తీసి, కత్తిరించి, పాట కలిపి పెట్టడంలో వారి వేగం చూస్తే నాకే ముచ్చట వేస్తుంది. కానీ కిందటి నెలలో, తాము బ్రేజింగ్ చేసిన (వేడితో లోహం కరిగించి అతికించిన) రాగి గొట్టాల ఫొటోలు మూడింటిని ఈమెయిలుకు జతచేసి పంపమంటే ఆరుగురే పంపగలిగారు. మిగిలినవారిలో చాలామందికి తమ ఈమెయిలు పాస్‌వర్డ్ ఏమిటో తెలియదు, ఎందుకంటే ఫోన్ కొన్న రోజున దుకాణంలోని కుర్రవాడే దానిని తయారుచేసి ఇచ్చాడు.

అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. మా వర్క్‌షాపులోని డీప్ ఫ్రీజర్‌కు డిజిటల్ కంట్రోలర్ ఉంది. దాని మీద ఏ అంకె కనబడితే ఆ అంకెను రికార్డులో రాసేస్తారు. ఆ సెన్సర్ కాయిల్ దగ్గర ఉందా, తలుపు దగ్గర ఉందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. డయల్ థర్మామీటరును వేలితో తట్టి చూశాక గాని నమ్మని తరం మాది. తెర మీద వెలిగే అంకెకు వీరిస్తున్న మర్యాద చూస్తే నాకు భయం వేస్తోంది.

మన ఊరి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఫిషింగ్ హార్బర్ చుట్టూ ఉన్న ఐస్ ప్లాంట్లలోనో, రొయ్యలు ఎగుమతి చేసే శీతల గిడ్డంగుల్లోనో వీరిలో కొందరు చేరతారు. గడ్డకట్టించిన రొయ్యలను -18 డిగ్రీల వద్ద గాని, అంతకంటే చల్లగా గాని ఉంచాలి, ఉంచినట్టు రికార్డు కూడా చూపాలి. ఆ రికార్డును మనిషి పెన్నుతో రాసే రోజులు పోతున్నాయి.

నా చేతికి కొద్దిపాటి నిధి వచ్చింది. దానితో రెండు కంప్యూటర్లు కొనవచ్చు; లేదా వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ జతలు పన్నెండు కొని, ఇద్దరికొకటి చొప్పున ఇచ్చి, ఫ్రీజర్‌ను వారి చేతనే కొలిపించి, ఆ రీడింగులను ఫోన్‌కు పంపించి పట్టికలో చేర్పించవచ్చు. నాకు రెండవదే మంచిదనిపిస్తోంది. ఇందులోని లోపాలు ముందుగా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కోపా_బోధకురాలు

మీ ఉత్సాహానికి అడ్డుపడుతున్నానని అనుకోకండి గాని, ఐటీఐలో కోపా (కంప్యూటర్) ట్రేడు చెప్పే నేను కంప్యూటర్లకే ఓటు వేస్తాను. మీ పిల్లలకు ఈమెయిలు పంపడం రాదని మీరే రాశారు. ఆ లోటుకు సెన్సర్ ఏ విధంగా మందు అవుతుంది? అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం, సర్టిఫికెట్టును స్కాన్ చేసి అడిగిన పరిమాణానికి కుదించడం, డిజిలాకర్‌లో పత్రాలు వెతుక్కోవడం, ఓటీపీ అడిగిన అపరిచితుడికి చెప్పకుండా ఉండటం, మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని తెలిసి ఉండటం, ఇవన్నీ వారికి ఈ సంవత్సరమే కావాలి. ఇంటి పేరు ఆధార్‌లో ఒక విధంగా, పదవ తరగతి మార్కుల జాబితాలో మరొక విధంగా ఉందని చివరి రోజున గమనించి ఏడ్చిన అమ్మాయిలు నా తరగతిలో ఉన్నారు. బోర్డు మీద దీపం వెలిగితే ఆ కష్టం తీరదు.

ఇంకొక మాట. ఇలాంటి కిట్లు వచ్చిన మొదటి నెలలో అందరూ చుట్టూ చేరతారు, రెండవ నెలకు అవి బీరువాలో చేరతాయి. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో మూడవ నెలలో ఎవరికీ గుర్తుండదు.

ఫేజున్యూట్రల్

ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నవాడిగా ఒకే ఒక్క హెచ్చరిక. ఆ బోర్డులతోపాటు రిలే మాడ్యూళ్లు (బోర్డు సంకేతంతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) కూడా అమ్ముతారు. "సర్, ఫోన్‌తో లైటు వెలిగిద్దాం" అని పిల్లలు మొదటి రోజే అడుగుతారు. 230 వోల్టులను బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే పలక) దరిదాపులకు రానివ్వకండి. చాలా రిలే మాడ్యూళ్లు సంకేతం తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు ఆన్ అయ్యేవి కాబట్టి, బోర్డు పునఃప్రారంభమయ్యే క్షణంలో ఎవరూ చెప్పకుండానే ఒకసారి టక్కుమంటాయి. ఆ టక్కు సమయంలో కుర్రవాడి చేయి హోల్డరులో ఉంటే ఏమవుతుందో నేను వివరించనక్కరలేదు.

కరెంటు కొలవాలని ముచ్చటపడితే తీగను తెంపకుండా పైనుంచి తగిలించే క్లాంప్ సెన్సర్ వాడండి. అందులో కూడా మంచి పాఠం ఉంది. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంపులో పెడితే రీడింగు సున్నా వస్తుంది. "సెన్సర్ పాడైంది" అని పదిమంది అంటారు, ఎదురెదురు ప్రవాహాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటున్నాయని ఒకడు కనిపెడతాడు. ఆ ఒకడి కోసమే మీరు ఈ పని చేయాలి.

హార్బర్_మెకానిక్

మాస్టారూ, నేను ఐటీఐ పూర్తిచేసి అయిదేళ్లయింది. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీలో పని చేస్తున్నాను. కంప్రెసర్ విప్పమంటే విప్పగలిగేవాడిని, గ్యాసు పట్టగలిగేవాడిని. చేరిన కొత్తలో ఒక రాత్రి గది ఉష్ణోగ్రత పెరిగిందని ఫోన్‌కు అలారం వచ్చింది. ఆ అంకె నిజమా, సెన్సర్ తీగ ఊడిందా, లేక నెట్ ఆగిపోయి పాత అంకే నిలబడి ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలో నాకు తెలియలేదు. గిడ్డంగికి వెళ్లి తలుపు తెరిచి చూశాను, అలా తెరవడమే ఆ రాత్రి జరిగిన అసలు నష్టం. దీనిని చదువుకునే రోజుల్లో ఎవరైనా చేయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కొనండి మాస్టారూ.

మధురవాడ_నెట్‌వర్క్

మీరు కొనడానికే మొగ్గు చూపుతున్నట్టుంది కాబట్టి, ఎక్కడెక్కడ ఆగిపోతారో ముందే చెబుతాను. అలా ఆగిపోయే చోట్లే అసలైన తరగతి జరుగుతుందని నా అభిప్రాయం.

మొదటి రోజే సగం బోర్డులను కంప్యూటరు గుర్తించదు. బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, అయినా గుర్తించదు. కారణం చాలాసార్లు యూఎస్‌బీ తీగే. చార్జింగుకు మాత్రమే పనికివచ్చే తీగలో సమాచారం మోసే తంతులు ఉండవు. మీ పిల్లల చేతిలో మల్టీమీటర్ ఉంది గదా, కంటిన్యుటీ (తంతి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉందో లేదో) చూడమనండి. "కరెంటు వస్తోంది, సమాచారం రావడం లేదు" అన్న తేడాను పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత బాగా అర్థం చేసుకోలేరు.

తరువాత వైఫై దొరకదు. ఈఎస్‌పీ8266 పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీద మాత్రమే. కొత్త ఫోన్ల హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే ఈ బోర్డుకు ఆ ఫోన్ ఉన్నట్టే తెలియదు. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాలి. ఇక మీ సంస్థ వైఫైకి పేరు, పాస్‌వర్డ్ కొట్టే పేజీ తెరుచుకునే ఏర్పాటు ఉంటే బోర్డు ఆ పేజీని నింపలేదు. మనిషి చేసే ఏ పని యంత్రం చేయలేకపోతోందో వారిచేతనే చెప్పించండి.

నా అనుభవంలో అన్నిటికంటే విలువైన ప్రయోగానికి నెట్ అసలు అవసరమే లేదు. బోర్డు తానే ఒక వైఫైని ప్రసారం చేయగలదు. ఫోన్‌ను దానికి కలిపి, బ్రౌజర్‌లో 192.168.4.1 అని కొడితే బోర్డు తన పేజీని చూపిస్తుంది. సిమ్ కార్డు తీసేసినా పనిచేస్తుంది. వైఫై అంటేనే ఇంటర్నెట్ అనుకునే పిల్లవాడి ముఖం ఆ క్షణంలో చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక మన ఊళ్లో ఫోన్లు మూగబోయిన రోజులు గుర్తున్నవారికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

సూదిదారం

నేను కుట్టుపని ట్రేడు బోధకురాలిని. ఇక్కడ అందరూ ఫ్రీజర్లు, కరెంటు గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయిలకు ఇందులో ఏమైనా ఉందా?

శీతలయంత్రం

మూడు వారాల తరువాత రాస్తున్నాను. చివరికి ఆరు జతలు మాత్రమే కొన్నాను, నలుగురికి ఒకటి. మిగిలిన డబ్బుతో పాత కంప్యూటరుకు మెమరీ వేయించాను. కోపా మేడమ్ గారి బీరువా మాట గుర్తుండి, తాళంచెవిని ట్రైనీల చేతికే ఇచ్చాను.

నెట్‌వర్క్ మిత్రులు చెప్పిన తీగ, 5 గిగాహెర్ట్జ్ కథలు అక్షరం తప్పకుండా జరిగాయి కాబట్టి వాటిని వదిలేసి, నేను ఊహించనివి చెబుతాను.

రెండవ రోజున ఒక జట్టు రికార్డులో "ఫ్రీజర్ ఉష్ణోగ్రత 85 డిగ్రీలు" అని రాసింది. చేయి పెడితే మంచు తగులుతోంది, పుస్తకంలో మాత్రం 85. ఎందుకు రాశావంటే "తెర మీద అదే వచ్చింది సర్" అన్నాడు. డీఎస్18బీ20 సెన్సర్‌కు కరెంటు అందగానే, మొదటి కొలత పూర్తయ్యేలోపు దానిలో ఉండే తొలి విలువే 85 అని ఆ సెన్సర్ పత్రంలో ఉంది. ఆ ఇంగ్లీషు పత్రాన్ని వాడి చేతనే వెతికించి, ఆ వాక్యం దొరికేదాకా చదివించాను. పూర్తిగా ఒక పీరియడ్ పట్టింది. ఒక విడిభాగం గురించి దాని తయారీదారు రాసిన పత్రాన్ని వెతికి చదవడం వాడి జీవితంలో అదే మొదటిసారి. ఇది డిజిటల్ అక్షరాస్యత కాకపోతే మరేమిటో నాకు తెలియదు.

మరొక జట్టుకు సరాసరి -28.9 వచ్చింది. మా ఫ్రీజర్‌కు అంత సత్తా లేదు. పది రీడింగుల్లో తొమ్మిది -18, ఒకటి -127. తీగ వదులైనప్పుడు మేము వాడుతున్న ప్రోగ్రాము లైబ్రరీ ఇచ్చే గుర్తే ఆ -127; అది ఉష్ణోగ్రత కాదు, "సెన్సర్ కనబడటం లేదు" అన్న సందేశం. ఆ ఒక్క అంకె మిగిలిన తొమ్మిదింటినీ లాక్కుపోయి, ఫ్రీజర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు చూపించింది. సరాసరి చూసే ముందు వరుసంతా కంటితో చూడాలని నేను పదేళ్లుగా చెబుతున్నాను. ఇప్పుడు వారు నాకు చెబుతున్నారు.

మూడవది చెప్పడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది. ఒక జట్టు వారమంతా ఫ్రీజర్‌ను రాత్రింబవళ్లు నమోదు చేసింది. ప్రతిరోజూ తెల్లవారుజామున 3:40కి ఉష్ణోగ్రత -9 దాకా ఎగబాకుతోంది. ఆ వేళ ఆవరణలో ఉండేది వాచ్‌మన్ ఒక్కరే. పిల్లలు ఆయన దగ్గరకు వెళ్లి "రాత్రిపూట ఫ్రీజర్ ఎందుకు తెరుస్తున్నావు" అని నిలదీశారు. గ్రాఫ్ ముద్రించి మరీ చూపించారు. పెద్దాయన నోట మాట లేదు, గ్రాఫ్‌కు ఎదురు చెప్పడం ఎలాగో ఆయనకు తెలియదు. విషయం నా దగ్గరకు వచ్చాక ప్రోగ్రాము తెరిచి చూస్తే, బోర్డు నెట్ నుంచి సమయం తీసుకుంటోంది గాని దానిని మన దేశ కాలానికి మార్చడం లేదు. అయిదున్నర గంటల తేడా ఉంది. 3:40 అంటే మనకు ఉదయం 9:10. ఆ సమయానికి మా సిబ్బంది తమ నీళ్ల సీసాలను అందులో పెడతారు. వాటిలో ఒకటి నాది.

పిల్లలు వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పారు, నేనూ చెప్పాను. ఆ రోజు పాఠం ఏమీ చెప్పలేదు.

ఫేజున్యూట్రల్

సీసా సంగతి దాచకుండా రాసినందుకు మీకు దండం.

సూదిదారం

వాచ్‌మన్ సంగతి చదివాక నా ప్రశ్నకు నాకే జవాబు దొరికింది.

మా దగ్గర నేర్చుకున్న అమ్మాయిల్లో కొందరు అచ్యుతాపురం వైపు దుస్తుల కర్మాగారాలకు వెళతారు. అలాంటి చోట్ల ఒక్కో మనిషి గంటకు ఎన్ని ముక్కలు కుట్టిందో లెక్కకట్టి టార్గెట్‌తో పోల్చడం మామూలు, ఆ లెక్క క్రమంగా తెరల మీదకు వస్తోంది. పోయిన సంవత్సరం మా పూర్వ విద్యార్థిని ఒకామె వచ్చి, తాను పనిచేసే చోట తన లెక్క తక్కువగా వస్తోందని, ఎందుకో తెలియడం లేదని, సూపర్‌వైజరును అడగడానికి తగిన మాటలు కూడా తన దగ్గర లేవని చెప్పింది. నేను ధైర్యం చెప్పి పంపాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమెకు కావలసినది ధైర్యం మాత్రమే కాదు. ఆ అంకె ఎక్కడ పుడుతుందో, యంత్రం దేనిని ఒక ముక్కగా లెక్కపెడుతుందో, దారం తెగి ఆగిన సమయం అందులో పడుతుందో లేదో అడగగలిగే జ్ఞానం.

నెట్‌వర్క్ గారూ, కుట్టు మిషను చక్రానికి అయస్కాంతం తగిలించి తిరిగినన్ని సార్లు లెక్కపెట్టడం సాధ్యమా?

మధురవాడ_నెట్‌వర్క్

సాధ్యమే, అందులో కష్టం ఏమీ లేదు. చక్రానికి చిన్న అయస్కాంతం, పక్కన అయస్కాంతం దగ్గరకు రాగానే స్పందించే రీడ్ స్విచ్ గాని హాల్ సెన్సర్ గాని పెడితే చాలు. తీగలు చేతికి, బట్టకు తగలకుండా బిగించండి. రీడ్ స్విచ్ అయితే ఒక తిరుగుడుకు మూడు నాలుగు లెక్కలు చూపవచ్చు, ఎందుకంటే దాని లోపలి రేకులు తగిలేటప్పుడు సన్నగా ఎగిరెగిరి పడతాయి. ఆ లోపాన్ని వెంటనే సవరించకండి. ముందుగా అమ్మాయిలను చేతితో నెమ్మదిగా చక్రం తిప్పమని, తామే నోటితో లెక్కపెట్టమని, యంత్రం లెక్కతో పోల్చమని చెప్పండి. తమ లెక్క సరైనదని, యంత్రానిదే తప్పని వారు ఒక్కసారి రుజువు చేస్తే చాలు.

మాస్టారి బోర్డుల గురించి ఒక అనుమానం. రీడింగులు ఎక్కడికి పంపుతున్నారు?

శీతలయంత్రం

ఎంక్యూటీటీ (యంత్రాలు చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా, ప్రయోగాల కోసం ఉచితంగా ఉండే ఒక బహిరంగ సర్వరుకు పంపుతున్నాం. నిన్న మా ఫ్రీజర్ పేరుతో 40 డిగ్రీలని ఒక రీడింగు వచ్చింది. సెన్సర్లన్నీ సరిగానే ఉన్నాయి. ఇంకా తేలలేదు.

మధురవాడ_నెట్‌వర్క్

నేను అనుమానించినది అదే. దానిని మీ ట్రైనీలు పంపి ఉండరు, మీ సెన్సర్ కూడా పంపి ఉండదు. మరొకరెవరో పంపారు. బహిరంగ సర్వరులో మీరు పెట్టుకున్న పేరుకు కాపలా ఉండదు. అదే పేరుతో ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు. ఎంక్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు గొట్టపు మార్గాల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా పంపడానికి తయారుచేశారు. తక్కువ సమాచారంతో పని గడవాలన్నదే అప్పటి అవసరం, తాళం వేయడం మనం విడిగా చేసుకోవలసిన పని. సర్వరు ద్వారాల్లో 1883 పోర్టులో వెళ్లేది ఎవరైనా చదవగల పోస్టుకార్డు, 8883లో వెళ్లేది అంటించిన కవరు. వర్క్‌షాపులోని పాత కంప్యూటరులోనే సర్వరు నడిపి, ఒక్కో జట్టుకు వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఈ సందర్భంలోనే సీసీ కెమెరాల గురించి చెప్పండి. మన ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ పిల్లల్లో ఎందరో గాజువాక, పెందుర్తి ఇళ్లలో కెమెరాలు బిగిస్తారు. ఫ్యాక్టరీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా బిల్లు తీసుకుని వచ్చేస్తారు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా అలాంటి పాస్‌వర్డ్‌లను ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించి, కెమెరాలను, రికార్డింగు పెట్టెలను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లను వాటి చిరునామాలకు కలిపే డైన్ అనే సంస్థ మీద జరిగిన దాడిలో వాటిని వాడుకోగా, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. దాడి చేసినది ఎవరి ఇంటి గోడకో వేలాడే కెమెరా అని చెబితే పిల్లలు నమ్మరు. మీ ఫ్రీజర్ పేరుతో వచ్చిన 40ని చూపించి చెబితే నమ్ముతారు.

కోపా_బోధకురాలు

నా మొదటి అభిప్రాయాన్ని పూర్తిగా మార్చుకోలేదు. అప్రెంటిస్‌షిప్ దరఖాస్తు, ఆధార్‌లో పేరు, ఓటీపీ, వీటికి విడిగా గంటలు కేటాయించవలసిందే. ఫ్రీజర్ నేర్పలేనివి అవి. అయితే ఎక్సెల్ చెప్పడంలో ఇన్నేళ్లూ నేను వాడినది ఊహాజనితమైన జీతాల పట్టిక. పిల్లలు కొట్టేవారు, మరిచిపోయేవారు. మాస్టారు పంపిన -127 ఉన్న ఫైలును నిన్న మా తరగతిలో తెరిపించాను. "ఈ సరాసరిలో ఏదో తేడా ఉంది, ఎక్కడుందో చెప్పండి" అన్నాను. వరుసను క్రమంలో పెట్టడం, వడపోయడం, షరతు పెట్టి సరాసరి తీయడం, నేను నాలుగు వారాల్లో చెప్పేవన్నీ వారే ఒక గంటలో అడిగి మరీ నేర్చుకున్నారు.

కాబట్టి ఒక ఒప్పందం ప్రతిపాదిస్తున్నాను. ప్రతి శుక్రవారం మీ ట్రైనీలు ఆ వారం ఫైలును ఈమెయిలుకు జతచేసి, విషయం ఏమిటో రెండు వాక్యాల్లో రాసి, మా తరగతికి పంపాలి. మా వారు తప్పులు వెతికి సోమవారానికి జవాబు రాస్తారు. జత చేయడం మరిచిపోయిన ఈమెయిలుకు జవాబు ఉండదు.

శీతలయంత్రం

ఒప్పుకున్నాను మేడమ్. మొదటి శుక్రవారం ఆరింటిలో రెండు ఈమెయిళ్లు ఫైలు లేకుండానే వస్తాయని ఇప్పుడే చెప్పగలను.

ఇక నాకు మిగిలిన చిక్కు ఒకటే. ఆరు సెన్సర్లనూ ఒకే చోట పెడితే ఒక్కోటి ఒక్కో అంకె చూపుతోంది, డిగ్రీ వరకూ తేడా వస్తోంది. సగం డిగ్రీ అటూ ఇటూ ఉండవచ్చని పత్రంలోనే ఉంది. కానీ ఏది నిజానికి దగ్గరో తేల్చడానికి నమ్మకమైన థర్మామీటరు మా దగ్గర లేదు.

హార్బర్_మెకానిక్

థర్మామీటరు అక్కర్లేదు మాస్టారూ. మంచినీటి ఐస్‌ను మెత్తగా దంచి, ఖాళీలు నిండేంత మాత్రమే మంచి నీళ్లు పోసి, ఫ్లాస్కులో ఆరు సెన్సర్లనూ మధ్యలోకి దించి, కలుపుతూ పది నిమిషాలు ఉంచితే అది సున్నా డిగ్రీలు. ఎంత తేడా చూపుతున్నాయో ఒక్కోదానికి రాసి పెట్టుకోవచ్చు. మా దగ్గర కూడా ఇలాగే సరిచూస్తాం.

శనివారం ఉదయం ఐస్ నేను తెస్తాను. హార్బర్‌లో చేపల బుట్టల దగ్గరి ఐస్ మాత్రం ఎవరినీ తేనివ్వకండి, అందులో ఉప్పు కలిసి ఉంటే సున్నాకు కిందికి దిగిపోతుంది. ఫ్లాస్కు మీరు చూడండి.

శీతలయంత్రం

ఫ్లాస్కు వాచ్‌మన్ గారిది ఉంది. అడిగాను, ఇస్తానన్నారు. తొమ్మిదింటికి రండి.